ఎత్తైన కొండ మీద నక్షత్ర వీక్షణం: శిఖరం దాకా వెళ్లాలా, మధ్యలోనే ఆగాలా?

తూర్పుకిటికీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 2026 ఆగస్టు రెండో వారంలో, కేవలం నక్షత్రాలు చూడటం కోసమే, ఒక ఎత్తైన కొండకు కుటుంబంతో సహా వెళ్లాలని నిశ్చయించుకున్నాము. మేము ఎంచుకున్న కొండ ఉత్తరార్ధ గోళంలోనే ఉంది, దాని శిఖరం సముద్రమట్టానికి సుమారు 4200 మీటర్ల ఎత్తున ఉంటుంది. శిఖరం దాకా కారు వెళ్లే దారి ఉంది. దారిలో 2800 మీటర్ల దగ్గర బస చేయడానికి వీలైన చోటు ఒకటి ఉంది. మేము నివసించేది సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న ఊరు కాబట్టి, మాలో ఎవరికీ అంత ఎత్తున రాత్రి గడిపిన అనుభవం లేదు.

వచ్చేవాళ్లం నేను, నా భార్య, మా అమ్మ, మా అబ్బాయి. అమ్మకు 64 ఏళ్లు, రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకుంటారు. అబ్బాయికి 11 ఏళ్లు. చేతిలో నాలుగు రాత్రులు ఉన్నాయి. మొదటి రోజు మధ్యాహ్నం మైదానం నుంచి బయలుదేరి, సూర్యాస్తమయానికి నేరుగా శిఖరం చేరుకుని, రాత్రి రెండు గంటల వరకు అక్కడే చూసి, తెల్లవారేలోగా కిందికి దిగిపోవాలని నా ఆలోచన. మిగిలిన మూడు రోజులు చుట్టుపక్కల తిరగడానికి అట్టిపెట్టుకున్నాను. ఎత్తుకు వెళ్లే కొద్దీ గాలి పలచబడుతుంది కనుక నక్షత్రాలు ఎక్కువగా కనిపిస్తాయన్న లెక్కతోనే శిఖరాన్ని ఎంచుకున్నాను.

మా అమ్మ చిన్నతనంలో వృశ్చికాన్నీ సప్తర్షి మండలాన్నీ గుర్తుపట్టడం నేర్చుకున్నారు. పాలపుంతను చూసి మాత్రం చాలా ఏళ్లయిందని, మరొక్కసారి స్పష్టంగా చూడాలని ఆవిడ కోరిక. నా దగ్గర 10×50 బైనాక్యులర్స్, ఒక కెమెరా, ట్రైపాడ్ ఉన్నాయి. ఈ ఒక్క ప్రయాణం కోసం టెలిస్కోప్ కొనడం సబబేనా? పథకంలో ఏమైనా మార్చుకోవాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మృగశిర

తూర్పుకిటికీ గారూ, మీరు ఎంచుకున్న వారం చాలా మంచిది. మొదటి రాత్రే శిఖరం ఎక్కడమన్న భాగాన్ని మాత్రం మార్చుకోమని గట్టిగా చెబుతున్నాను. ఆరోగ్యం సంగతి నాకంటె బాగా తెలిసినవారు చెబుతారు. నేను చూపు సంగతికే పరిమితమవుతాను, ఎందుకంటే మీరు శిఖరాన్ని ఎంచుకున్న కారణం అదే.

చీకట్లో మసక వస్తువులను చూడటానికి మన కంటిలో పనిచేసేవి దండ కణాలు. రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే తెర) శరీరంలో అత్యధికంగా ఆక్సిజన్ వాడుకునే కణజాలాల్లో ఒకటి కావడం వల్ల, ఆక్సిజన్ తగ్గినప్పుడు ముందుగా దెబ్బతినేది ఈ రాత్రి చూపే. రాత్రిపూట విమానం నడిపేవారు 1500 మీటర్లు దాటినప్పటి నుంచే ఆక్సిజన్ వాడటం మంచిదని విమానయాన వైద్యం చెప్పడానికి కారణం ఇదే. 2800 మీటర్ల దగ్గర వాయుపీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో 70 శాతానికి కాస్త పైన ఉంటుంది. 4200 మీటర్లకు వెళ్లేసరికి 60 శాతానికి పడిపోతుంది. ఆ ఎత్తుకు అలవాటు పడని మనిషి శిఖరం మీద నిలబడి తల ఎత్తితే ఆకాశం బూడిదరంగు పులుముకున్నట్టు ఉంటుంది. కాసేపు కదలకుండా నిలబడి నిండుగా, నిదానంగా ఊపిరి తీసుకుంటే, ధనుస్సు వైపు పాలపుంతలోని నల్లని పాయలు మెల్లగా అంచులు తేరి కనిపిస్తాయి. మాట్లాడుతూ నాలుగడుగులు వేసేసరికి మళ్లీ మసకబారిపోతాయి. నేను స్వయంగా గమనించిన విషయం కాబట్టి ఇంత నమ్మకంగా చెబుతున్నాను.

గాలి పలచబడటం వల్ల కలిగే లాభం ఎంతో కూడా చూద్దాం. నిర్మలమైన రాత్రి నడినెత్తిన ఉన్న నక్షత్రం కాంతిలో సుమారు నాలుగో వంతు సముద్రమట్టానికి చేరేలోపు గాలిలోనే పోతుంది. 4000 మీటర్ల పైన పోయేది సుమారు పదో వంతు. 2800 మీటర్ల దగ్గర పోయేది ఈ రెండింటిలో శిఖరానికే ఎక్కువ దగ్గరగా ఉంటుంది. అంటే బస దగ్గరి నుంచి శిఖరానికి ఎక్కినందువల్ల నడినెత్తి నక్షత్రాలకు దక్కే అదనపు వెలుగు కంటికి తెలిసీ తెలియనంత స్వల్పం. ఎత్తు నిజంగా మేలు చేసేది దిగంతం దగ్గర. దిగంతానికి పది డిగ్రీల ఎత్తున ఉన్న నక్షత్రం కాంతిలో సముద్రమట్టానికి నాలుగో వంతు మాత్రమే చేరితే, బాగా ఎత్తైన చోటుకు సగానికి పైగా చేరుతుంది. వృశ్చికం తోక దక్షిణాన కిందుగా ఉంటుంది కాబట్టి ఆ మేలు మీ అమ్మగారికి 2800 మీటర్ల దగ్గరే చాలావరకు అందుతుంది.

మైదానం నుంచి వెళ్లినవాళ్లు కొండ మీద ఆకాశం చూసి నిర్ఘాంతపోవడానికి అసలు కారణం ఎత్తుకంటె చీకటి. 2001లో జాన్ బోర్టల్ అనే అమెరికన్ పరిశీలకుడు ఆకాశపు చీకటిని తొమ్మిది తరగతులుగా విభజించారు. ఒకటో తరగతి ఆకాశంలో ధనుస్సు, వృశ్చికాల దగ్గరి పాలపుంత వెలుగుకు నేల మీద పలచని నీడలు పడతాయి. తొమ్మిదో తరగతిలో, అంటే మహానగరం నడిబొడ్డున, పాలపుంత ఊసే ఉండదు. మీ కొండ ఏ తరగతిలోకి వస్తుందో ఉపగ్రహాలు తీసిన రాత్రి వెలుగుల పటాలు చూసి అంచనా వేసుకోండి. పెద్ద ఊరు ఏ దిక్కున ఉందో ప్రత్యేకంగా గమనించండి. శిఖరం మీద నిలబడితే దూరపు ఊళ్ల దీపాలు కూడా నేరుగా కంట్లో పడతాయి. కొండ వాలులో, ఊరికీ మీకూ నడుమ ఒక గుట్ట అడ్డం ఉన్న చోటులో ఆ ఇబ్బంది ఉండదు. కొన్ని కొండల చుట్టూ రాత్రిపూట మేఘాలు కిందనే పరుచుకుని ఉంటాయి. పైన వెచ్చని గాలి పొర మూతలా కూర్చోవడం వల్ల అవి పైకి రాలేవు. అలాంటి చోట ఊరి వెలుగులు మేఘాల కిందే ఆగిపోతాయి కనుక పైన ఉన్నవారికి మరీ మంచిది.

ఇందుకు చక్కని ఉదాహరణ హవాయిలోని మౌనా కియా. దాని ఎత్తు 4207 మీటర్లు. ప్రపంచంలోని అతి పెద్ద టెలిస్కోపులు కొన్ని ఆ శిఖరం మీదే ఉన్నాయి. అయినా సందర్శకులు సూర్యాస్తమయమైన అరగంటలోపు శిఖరం విడిచి రావాలి; వారు నక్షత్రాలు చూసేది 2800 మీటర్ల దగ్గరున్న సందర్శకుల కేంద్రం పరిసరాల్లో. టెలిస్కోపులతో పనిచేసేవారికి బస ఏర్పాటు చేసింది కూడా ఆ ఎత్తునే. టెలిస్కోపులు శిఖరం మీద ఉండటానికి కారణాలు వేరు. పరారుణ కాంతిని మింగేసే నీటి ఆవిరిలో అధిక భాగం కిందనే ఉండిపోతుంది, పైన గాలి నిలకడగా ఉంటుంది, పైగా అద్దానికి ఆక్సిజన్ అక్కర్లేదు. ఎత్తైన కొండల మీద గాలి నిలకడగా ఉంటుందన్న సంగతిని న్యూటన్ ఏనాడో ఊహించాడు. 1856లో చార్లెస్ పియాజీ స్మిత్ అనే ఖగోళ శాస్త్రవేత్త టెలిస్కోపులను టెనెరిఫె ద్వీపపు కొండల మీదికి మోయించి, సుమారు 2700, 3300 మీటర్ల ఎత్తుల్లో మకాం వేసి అది నిజమేనని చూపించాడు. కొండ శిఖరాల మీద వేధశాలలు కట్టే పద్ధతికి పునాది పడింది అక్కడే. ఆ లాభం పనిముట్లకు సంబంధించింది. మీరు కళ్లతో, బైనాక్యులర్స్‌తో చూడటానికి వెళ్తున్నారు కాబట్టి మీ అవసరం వేరు.

కాబట్టి నా సలహా ఇది. మూడు, నాలుగు రాత్రులు పూర్తిగా 2800 మీటర్ల దగ్గరే ఉండేలా చూసుకోండి. కావాలంటే మూడో రోజు సాయంత్రం శిఖరానికి వెళ్లి సూర్యాస్తమయం చూసి వెంటనే దిగిరండి. కొండ నీడ తూర్పున మేఘాల మీద త్రికోణంగా సాగడం చూడదగ్గ దృశ్యమే.

నెమ్మదినడక

వైద్యవృత్తిలో ఉన్నాను, ఎత్తైన ప్రాంతాలకు వెళ్లేవారికి సలహాలు ఇవ్వడం నా పనిలో భాగం. మృగశిర గారు చూపు గురించి చెప్పిన మాటలతో ఏకీభవిస్తూ మిగతా శరీరం గురించి రాస్తున్నాను.

సముద్రమట్టం నుంచి ఒక్క పూటలో 4200 మీటర్లకు ఎక్కి గంటల తరబడి అక్కడే ఉండటం ఆరోగ్యవంతులకు కూడా తగదు. ఎత్తువల్ల వచ్చే అస్వస్థత సాధారణంగా 2500 మీటర్లు దాటాక మొదలవుతుంది. తలనొప్పి, వికారం, తల తిరగడం, చెప్పలేనంత నీరసం దాని లక్షణాలు. ఇవి చేరగానే కనిపించవు, చాలామందిలో ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత బయటపడతాయి. పైకి చేరిన మొదటి గంటలో "మాకేమీ కాలేదు" అనుకోవడం అందుకే మోసం చేస్తుంది. మీ పథకం ప్రకారం ఆ లక్షణాలు ముదిరే వేళ సరిగ్గా అర్ధరాత్రి అవుతుంది, ముందున్నది చీకట్లో ఘాట్ రోడ్డు దిగే ప్రయాణం, నడిపేది నిద్రలేని మనిషి. నన్ను అన్నిటికంటె ఎక్కువ కలవరపెట్టింది ఈ చివరి అంశమే.

గతంలో ఎత్తువల్ల ఇబ్బంది పడని వ్యక్తి మొదటి రోజు 2800 మీటర్లకు మించకుండా ఆగితే ప్రమాదం తక్కువ. అయినా మీ అమ్మగారి కోసం మొదటి రాత్రి 1500 నుంచి 2000 మీటర్ల మధ్య ఎక్కడైనా ఆగగలిగితే మరింత మేలు. 3000 మీటర్లు దాటాక నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్న సూత్రం ఉంది. మీరు అంత పైన నిద్రించడం లేదు కాబట్టి దాని అవసరం రాదు. చేరిన రోజు బరువులు మోయడం, పరుగులు పెట్టడం మానండి. మద్యం, నిద్రమాత్రలు పూర్తిగా నిషిద్ధం, అవి నిద్రలో శ్వాసను మరింత మందగింపజేస్తాయి. పొడిగాలిలో ఒంట్లోని నీరు తెలియకుండానే పోతుంది కనుక దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండండి.

అమ్మగారు బయలుదేరే ముందు తన వైద్యుణ్ని తప్పక కలవాలి. ఎత్తుకు వెళ్లిన తొలి రోజుల్లో రక్తపోటు కొంత పెరగడం మామూలే. ఆవిడ వాడే మాత్ర ఏ రకానిదో బట్టి మోతాదు మార్చాలా వద్దా అన్నది వైద్యుడే నిర్ణయించాలి. ఎత్తుకు అలవాటు పడటానికి తోడ్పడే ఎసిటజోలమైడ్ అనే మందు ఉంది. దాన్ని కూడా వైద్యుడు రాస్తేనే వాడాలి, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి.

పిల్లలు తలనొప్పిగా ఉందని చెప్పరు. ఆడుకునే పిల్లవాడు మూల కూర్చున్నా, ఇష్టమైనది పెట్టినా వద్దన్నా, చికాకు పడుతున్నా అనుమానించండి. మౌనా కియా మీద 13 ఏళ్ల లోపు పిల్లలనూ గర్భిణులనూ గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారినీ సందర్శకుల కేంద్రం దాటి పైకి వెళ్లవద్దని సూచిస్తారు. మీ కొండ మీద అలాంటి సూచన ఉన్నా లేకపోయినా మీ అబ్బాయికి అదే వర్తింపజేయండి. ఎవరికైనా కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా, తడి దగ్గు మొదలైనా, మాట తడబడుతున్నా, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనిస్తూ సూటిగా నడవలేకపోయినా, తెల్లవారే దాకా ఆగకుండా ఆ క్షణమే కిందికి దింపండి. అప్పుడు మందుకంటె ముందు చేయవలసినది దిగడమే.

చలి గురించి ఒక్కమాట. ప్రతి 1000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మైదానంలో 28 డిగ్రీలున్న రోజు 2800 మీటర్ల దగ్గర పది డిగ్రీలు, శిఖరం మీద సున్నా ఉంటాయి. గాలి వీస్తే ఇంకా చలిగా అనిపిస్తుంది. నడిచేవారికి సరిపోయే బట్టలు గంటల తరబడి కదలకుండా కూర్చునేవారికి చాలవు. అమ్మగారికి వాలు కుర్చీ వేసి, కుర్చీకీ ఆవిడకూ నడుమ మందపాటి దుప్పటి పరవండి, ఎందుకంటే చలి పైనుంచి ఎంత వస్తుందో కిందినుంచీ అంతే వస్తుంది.

బహుళపక్షం

తేదీల గురించి చెబుతాను. 2026 ఆగస్టు 12 అమావాస్య. ఆ రోజే సంపూర్ణ సూర్యగ్రహణం కూడా ఉంది. పెర్సీడ్ ఉల్కలు ఏటా ఆగస్టు 12, 13 తేదీల రాత్రి గరిష్ఠంగా రాలతాయి కాబట్టి, 2026లో వాటికి వెన్నెల అడ్డు ఏ మాత్రం ఉండదు. మీ నాలుగు రాత్రులు 10, 11, 12, 13 తేదీలుగా పెట్టుకోండి. అప్పుడు అసలైన రాత్రి మూడోది అవుతుంది, ఆ పాటికి మీ శరీరాలు ఎత్తుకు కొంత అలవాటు పడి ఉంటాయి. మేఘాలు అడ్డొస్తే చేతిలో మరో రాత్రి మిగిలి ఉంటుంది.

వేరే నెలలో వెళ్లాలనుకునే పాఠకుల కోసం: చంద్రుడు రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. బహుళ అష్టమి నాడు అర్ధరాత్రికి వస్తాడు కాబట్టి అప్పటిదాకా ఆకాశం మనదే. అక్కడి నుంచి శుద్ధ చవితి వరకు ఉన్న పన్నెండు రాత్రుల్లో ఏదైనా పనికి వస్తుంది, అమావాస్యకు అటూ ఇటూ రెండేసి రాత్రులు శ్రేష్ఠం. పౌర్ణమి నాడు ఎంత ఎత్తైన కొండ ఎక్కినా పాలపుంత కనిపించదు.

సూర్యుడు అస్తమించగానే పూర్తి చీకటి పడదు. సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కిందికి చేరాకే సంధ్య వెలుగు పూర్తిగా పోతుంది. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో దీనికి గంటా పావు పడితే, ఉత్తరానికి వెళ్లే కొద్దీ ఇంకా ఎక్కువ పడుతుంది. మీరు వెళ్లే రోజుల్లో పడమట శుక్రుడు ధగధగ మెరుస్తూ ఉంటాడు. చీకటి పడేసరికే ధనుస్సు, వృశ్చికం దక్షిణాన కనిపిస్తాయి. అర్ధరాత్రి దాటాక అవి పడమటికి వాలిపోతాయి. అందుచేత పాలపుంత కేంద్రాన్ని తొలి జాములోనే చూసుకోవాలి. అభిజిత్తు, శ్రవణం, హంస తోకలో మెరిసే చుక్క కలిసి ఏర్పరచే పెద్ద త్రికోణం నడినెత్తికి చేరుతుంది, పాలపుంత దాని నడుమగా సాగుతుంది. అర్ధరాత్రికి ముందే తూర్పున శని, ఆ తర్వాత కృత్తికలు ఉదయిస్తాయి. ఉల్కలు ఎక్కువగా కనిపించేది అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా. వాటికి బైనాక్యులర్స్ అక్కర్లేదు, వెల్లకిలా పడుకుని ఆకాశంలో వీలైనంత భాగం కంట పడేలా చూడటమే పద్ధతి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. మీ కొండ మీద ఆగస్టు వర్షాల నెల అయితే అమావాస్యా ఉల్కలూ ఏవీ అక్కరకు రావు. గత కొన్నేళ్లుగా ఆ నెలలో మేఘాల తీరు ఎలా ఉందో చూసుకున్నాకే ప్రయాణం ఖాయం చేసుకోండి. బయలుదేరే ముందు వాతావరణ సూచనలో కింది మేఘాలు, మధ్య మేఘాలు, పై మేఘాలు విడివిడిగా ఎంతెంత ఉన్నాయో చూడండి. కింది మేఘాలు మీకు మేలే చేయవచ్చు. పలచని పై మేఘాలు మాత్రం ఎంత ఎత్తుకు వెళ్లినా వదలవు. మధ్యాహ్నం కొండ మీద మబ్బు కమ్మినంత మాత్రాన నిరాశ పడకండి. పగలు వేడెక్కిన గాలి వాలు వెంట పైకి ఎక్కి మబ్బు కడుతుంది, రాత్రి చల్లబడి కిందికి జారుతుంది, చాలాసార్లు చీకటి పడ్డ గంట, రెండు గంటల్లో ఆకాశం తేటపడుతుంది.

చీకటిగది

మృగశిర గారితో ఒక విషయంలో విభేదిస్తున్నాను. కెమెరాకు ఊపిరి సమస్య లేదు. ఫొటోల కోసం వెళ్లేవారికి శిఖరం విలువైనదే, ముఖ్యంగా దిగంతం దాకా సాగే పాలపుంతను ఒకే చిత్రంలో పట్టాలనుకునేవారికి. అయితే ఆ పని అలవాటు ఉన్నవాళ్లు, ఎత్తుకు సిద్ధపడి వచ్చినవాళ్లు చేయవలసినది. పెద్దావిడతో, పిల్లవాడితో వెళ్లే మీకు 2800 మీటర్లే సరి అని నేనూ ఒప్పుకుంటాను.

మీ కెమెరా గురించి అవసరమైనంత వరకు చెబుతాను. 500ను లెన్స్ ఫోకల్ దూరంతో భాగిస్తే ఎన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వవచ్చో వస్తుందని ఒక పాత సూత్రం ఉంది. 20 మిల్లీమీటర్ల లెన్సుకు 25 సెకన్లు. నేటి సెన్సర్లకు అది ఎక్కువ, నక్షత్రాలు గీతల్లా సాగుతాయి. పన్నెండు, పదిహేను సెకన్లతో మొదలుపెట్టండి. లెన్సును పూర్తిగా తెరిచి, ఐఎస్‌ఓ 3200 దగ్గర పెట్టండి. ఆటో ఫోకస్ ఆపేసి, తెర మీద ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని బాగా పెద్దది చేసి, అది అతి చిన్న చుక్కగా మారే వరకు ఫోకస్ రింగును తిప్పండి. ఆ తర్వాత రింగును టేపుతో అంటించేయండి.

చలికి బ్యాటరీలు తొందరగా పడిపోతాయి. అదనపు బ్యాటరీని లోపలి జేబులో ఒంటికి తగిలేలా ఉంచుకుని, మొదటిది అయిపోగానే మార్చండి. వెచ్చబడ్డాక మొదటిది మళ్లీ కొంతసేపు పనిచేస్తుంది. గదిలోకి తిరిగి వెళ్లే ముందు కెమెరాను బయటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించండి. చల్లని కెమెరా మీద వెచ్చని గాలి తగిలితే తడి కడుతుంది. సంచిలో ఉంటే ఆ తడి సంచి మీదే పడుతుంది. బైనాక్యులర్స్‌కు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. చూస్తున్నప్పుడు కటకం మీదికి ఊపిరి వదలకండి, చలిలో అది అద్దం మీద పలచని మంచుపొరగా మారుతుంది, చేత్తో తుడిస్తే మరకై నిలిచిపోతుంది.

ఒక మనవి. మొదటి గంట కెమెరా తీయకండి. ప్రతి ఎక్స్‌పోజర్ తర్వాత వెలిగే ఆ చిన్న తెర మీ కళ్లనే కాదు, పక్కన ఉన్న అమ్మగారి కళ్లనూ పాడుచేస్తుంది.

తూర్పుకిటికీ

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. పథకం మార్చుకున్నాను. 10వ తేదీ రాత్రి దారిలో 1800 మీటర్ల దగ్గరున్న ఊళ్లో ఆగుతాము. 11, 12, 13 రాత్రులు 2800 మీటర్ల బసలో ఉంటాము. శిఖరానికి నేను, నా భార్య మాత్రమే 13వ తేదీ మధ్యాహ్నం వెళ్లి చీకటి పడకముందే దిగి వస్తాము. ఆ కాసేపు అబ్బాయి నాయనమ్మ దగ్గరే ఉంటాడు. అమ్మ వైద్యుణ్ని కలవడానికి ఒప్పుకున్నారు.

ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. టెలిస్కోప్ సంగతి ఎవరూ చెప్పలేదు. రెండోది, కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఎంతసేపు పడుతుంది, అందుకు మేము ఏం చేయాలి?

మృగశిర

టెలిస్కోప్ ఇప్పుడు కొనకండి. కొత్త టెలిస్కోప్‌ను బిగించడం, గురి కుదర్చడం నేర్చుకోవడానికి ఇంటి దగ్గరే కొన్ని వారాలు పడుతుంది. చలిలో, చీకట్లో, చేతి తొడుగులతో మొదటిసారి తెరిస్తే మీ మూడు రాత్రుల్లో ఒకటి దానికే పోతుంది. పైగా మీరు చూడదలచినవి విశాలమైన దృశ్యాలు, వాటికి మీ దగ్గరున్న 10×50 చక్కగా సరిపోతుంది. ఆ అంకెల్లో రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఐదు వస్తుంది, అంటే అది కంటికి ఐదు మిల్లీమీటర్ల కాంతిపుంజాన్ని అందిస్తుంది. వయసు పెరిగే కొద్దీ కంటిపాప చీకట్లో విచ్చుకోవడం తగ్గుతుంది కాబట్టి 7×50 ఇచ్చే ఏడు మిల్లీమీటర్ల పుంజం అమ్మగారి కంటికి పూర్తిగా పట్టదు. మీ జత ఆవిడకు సరిగ్గా నప్పుతుంది. అయితే చేతుల్లో పట్టుకుంటే అదురుతుంది. వాలు కుర్చీ చేతుల మీద మోచేతులు ఆనించి చూడమని చెప్పండి.

ఇక కళ్ల సంగతి. వెలుగులో రంగులు చూపించే శంకు కణాలు పది నిమిషాల్లో సర్దుకుంటాయి. దండ కణాలు పూర్తిగా తేరుకోవడానికి అరగంట, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ తర్వాత ఒక్క క్షణం ఫోన్ తెర చూసినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. దండ కణాలు ఎర్రని వెలుగుకు అంతగా స్పందించవు కనుక బాగా మసకగా వెలిగే ఎర్ర దీపం వాడండి. హెడ్‌ల్యాంప్‌కు ఎర్రని పలచటి కాగితం రెండు మూడు పొరలుగా చుట్టినా చాలు. కారు తలుపు తీయగానే వెలిగే లోపలి దీపాన్ని పగలే ఆపేసి ఉంచండి, చాలామంది మరిచిపోయేది అదే. పగటిపూట నల్లకళ్లద్దాలు పెట్టుకోండి. ఎండ బాగా తగిలిన కళ్లు ఆ రాత్రి చీకటికి ఆలస్యంగా అలవాటు పడతాయి, కొండ మీద ఎండ మరీ తీవ్రం.

మసక వస్తువులను నేరుగా చూడకూడదని అబ్బాయికి ముందే నేర్పండి. కంటి నడిబిందువులో దండ కణాలు ఉండవు. ఆండ్రోమెడా అనే మరో గెలాక్సీ మన నుంచి సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాన్ని సూటిగా చూస్తే చిన్న మసక చుక్క; చూపును కాస్త పక్కకు తప్పిస్తే కోడిగుడ్డు ఆకారంలో సాగిన వెలుగు అవుతుంది. ఆ మార్పును పిల్లవాడు తనంతట తాను పట్టుకుంటే తర్వాత మీరు చెప్పవలసినది ఏమీ ఉండదు.

అమ్మగారి విషయంలో ఒక సూచన. నిజంగా చీకటైన ఆకాశంలో చుక్కలు మరీ ఎక్కువైపోయి, బాగా తెలిసిన ఆకారాలు కూడా వాటిలో కలిసిపోతాయి. చిన్నప్పటి నుంచి చూసినవారు కూడా మొదటి రాత్రి దారి తప్పుతారు. అందుకని సంధ్య వెలుగు పూర్తిగా పోకముందే, పెద్ద నక్షత్రాలు మాత్రమే ఉన్న ఆ ముప్పావు గంటలోనే, ఆవిడను బయటికి తీసుకురండి. వాయవ్యంలో సప్తర్షులు, వారిలో వశిష్ఠుడి పక్కన అరుంధతి, దక్షిణాన ఎర్రగా జ్యేష్ఠ, దాని కిందుగా మూలా నక్షత్రం దాకా వంపు తిరిగిన తోక. వీటిని ఆవిడే అబ్బాయికి చూపించేలా చేయండి. చీకటి చిక్కబడ్డాక మూల నుంచి కొంచెం ఎడమకు బైనాక్యులర్స్ జరిపితే ఒక నక్షత్రగుచ్ఛం కనిపిస్తుంది. 2వ శతాబ్దంలో టాలెమీ మసక మచ్చగా నమోదు చేసింది దాన్నే. దక్షిణ దిగంతం తెరిపిగా లేకపోతే అది కొండ వెనక్కి పోతుంది కాబట్టి, కుర్చీలు ఎక్కడ వేయాలో మీరు 11వ తేదీ పగలే చూసి పెట్టుకోండి.

నెమ్మదినడక

మార్చిన పథకం బాగుంది. ఒక్క సవరణ చెబుతాను. 13వ తేదీ శిఖరానికి వెళ్లే ముందు 12 రాత్రి ఉల్కల కోసం మీరు తెల్లవారేదాకా మేలుకుని ఉంటారు. ఆ మర్నాడు కారు నడిపేవారు పొద్దున కనీసం ఆరు గంటలు నిద్రపోవాలి, అలా వీలుకాకపోతే శిఖరం ప్రయాణం మానుకోవాలి. దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా తక్కువ గేరులో దిగండి. పొడవైన వాలుల్లో బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. పైకి వెళ్లేటప్పుడు ఇద్దరిలో ఎవరికి తలనొప్పి మొదలైనా అక్కడి నుంచే వెనక్కి తిరగండి.